ట్రాక్టర్ గేర్‌బాక్సు బేరింగులు, సీళ్ల మార్పిడి

పాత ట్రాక్టర్ గేర్‌బాక్సులో అరిగిన బేరింగులను, ఆయిల్ కారుతున్న సీళ్లను తీసి కొత్తవి వేసే మరమ్మతు. వాహన షెడ్లు, లేత్ పనివారు ఒకేచోట ఉండే విశాఖపట్నం గాజువాక ఆటోనగర్ వంటి వాడలు ఇలాంటి పనులకు అనువైనవి.

నిర్మాణం: 1960లో మద్రాసులో మొదలైన టాఫే సంస్థ తయారుచేసిన మాసీ ఫెర్గూసన్ 1035 వంటి బండ్లకు విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజను, గేర్‌బాక్సు, వెనక ఇరుసు పెట్టె బోల్టులతో బిగిసి అవే వెన్నెముకవుతాయి. అందుకే లోపలి పనికి రెండు వైపులా ఆనికలు పెట్టి బండిని మధ్యకు విడదీయాలి.

లక్షణాలు: గేరులో పడ్డాక గుయ్‌మనే మోత, గేరు దానంతటదే జారిపోవడం, క్లచ్ ప్లేటు మీద ఆయిల్ తడి. దమ్ము చేసే బండ్లలో సీలు దాటి నీరు చేరితే ఆయిల్ పాలలా తెల్లబడుతుంది.

విధానం: బేరింగు మీది అంకె కొలత చెబుతుంది. 6206లో చివరి 06ను 5తో గుణిస్తే లోపలి రంధ్రం 30 మి.మీ. అని తేలుతుంది. కొత్తదాన్ని ఆయిల్‌లో సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే వ్యాకోచించి షాఫ్టు మీదికి సులువుగా జారుతుంది. సుత్తితో బయటి రింగు మీద కొడితే గుండ్ల దారిలో సొట్టలు పడి, కొత్త బేరింగే మోత మొదలెడుతుంది. సీలు పెదవి, దాని చుట్టూ ఉండే సన్నని స్ప్రింగు ఆయిల్ వైపు ఉండాలి. షాఫ్టు మీద గోటికి తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీలూ కారుతుంది. షాఫ్టును సరిచేయించాకే కొత్త సీలును బిగించాలి.