కృష్ణా తీరపు ఉప్పెనలు

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. తుపాను అనగానే గాలి హోరు తలపునకు వస్తుంది గాని, తీరవాసుల ప్రాణాలు ఎక్కువగా తీసేది నీరే. సుడిగాలి సముద్రాన్ని ఒడ్డుకు నెట్టుకొని వస్తుంది. తీరం దగ్గర లోతు తక్కువైతే ఆ నీరు వెనుకకు మరలలేక పైకి లేస్తుంది; పల్లపు డెల్టాలో మైళ్లకొలది లోనికి పారుతుంది. మట్టిగోడల పూరిల్లు దానికేపాటి అడ్డు! భారత వాతావరణ శాఖ 1875లో గాని ఏర్పడలేదు. కనుక నాడు బందరుకు ముందుగా కబురు చెప్పేవారే లేరు.

1977 నవంబరు 19న దివిసీమలో కబురు లేకపోలేదు. అయితే విన్నవాడు ఎక్కడికి పోవాలి? మెరక లేదు, మేడలు అరుదు. దాదాపు 10,000 మంది పోయారు. ఆ తరువాతనే తీరం పొడవునా కాంక్రీటుతో తుపాను రక్షణ భవనాలు లేచాయి. మామూలు రోజులలో వాటిలో బడులు నడిచేవి. పిల్లలు రోజూ నడిచే దారి గనుక ఆపదవేళ వెతుక్కోవలసిన పని లేదు.

1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుపాను ఆ తీరాన్నే తాకింది. జనాన్ని ముందే తరలించినందున మృతులు వేయికి లోపే. ఇళ్లు మాత్రం ఆ ఏడు కూడా లక్షలకొలది దెబ్బతిన్నాయి.