గదికన్నా ముందు వంటిల్లు: తెలుగు విద్యార్థుల వసతి ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
చదువు కోసం ఊరు విడిచిన తెలుగు విద్యార్థి ఎక్కడ ఉండాలన్న ప్రశ్న పందొమ్మిదో శతాబ్ది చివరి నుంచి నేటి వరకు ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వసతిని నిర్ణయించింది గది కాదు, వంటిల్లు అన్నది ఇందులోని ప్రతిపాదన. వారాలు, పూటకూళ్ల ఇళ్లు, మిషన్ బోర్డింగులు, కుల హాస్టళ్లు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దుర్గాబాయి ఉదంతం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: వసతిగృహం, వారాలు, పూటకూళ్లు, రెడ్డి హాస్టల్, దుర్గాబాయి, ఆత్మకథలు.

1. ప్రవేశిక

డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరే విద్యార్థి కళాశాల దరఖాస్తుతోపాటు హాస్టల్ దరఖాస్తు కూడా నింపుతాడు. కొంతకాలం వార్డెన్ బాధ్యతలు చూసినందువల్ల ఆ సమయంలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు నాకు పరిచయమే. గది ఎంత ఉంది, ఫ్యాను తిరుగుతుందా, నీళ్లు వస్తాయా అన్నవి తరువాతి ప్రశ్నలు. మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "వంట ఎవరు చేస్తారు సార్?" కాసేపాగి, గొంతు కొంచెం తగ్గించి, రెండోది: "గదిలో ఇంకెవరుంటారు?"

ఈ రెండు ప్రశ్నలూ కొత్తవి కావు. మన విద్యాచరిత్ర రచనల్లో పాఠశాలలు, కళాశాలలు, పాఠ్యక్రమాలు, బోధనా మాధ్యమం గురించి చర్చ విస్తృతంగా ఉంది. విద్యార్థి సాయంత్రం ఎక్కడికి వెళ్లాడు, రాత్రి ఎవరింట తిన్నాడు అన్నదానికి అంత చోటు దక్కలేదు. ప్రవేశాల రిజిస్టర్లు ఎవరు చేరారో చెబుతాయి, ఎవరి పక్కన కూర్చుని తిన్నారో చెప్పవు. ఆ సంగతి తెలియాలంటే ఆత్మకథలనూ నాటి సృజనాత్మక సాహిత్యాన్నీ ఆశ్రయించక తప్పదు. సాహిత్య విద్యార్థులమైన మనకు ఈ చరిత్రలో పని ఉన్నది అందువల్లనే.

2. వారాలు, పూటకూళ్లు

హాస్టల్ అనే మాట రాకముందు పేద బ్రాహ్మణ విద్యార్థికి వసతి అంటే వారాలు. వారంలో ఏడు రోజులకు ఏడు ఇళ్లు కుదుర్చుకోవడం, ఆదివారం ఒకరింట, సోమవారం మరొకరింట భోజనం చేయడం, రాత్రి ఏ అరుగు మీదో గుడి మండపంలోనో పడుకోవడం ఈ పద్ధతి. ఇందులోనూ ఎంపిక ఉంది. ఏ ఇంట్లో వేళకు వడ్డిస్తారు, ఏ ఇంటి ఇల్లాలు చిరాకు పడుతుంది, ఏకాదశినాడు ఏ ఇల్లు రాకుండా చూసుకోవాలి అన్నవన్నీ వారాలబ్బాయి లెక్క వేసుకోవలసినవే. ఒక ఇల్లు తప్పిపోతే ఆ రోజు పస్తు. అయితే ఈ లెక్కంతా ఒక గీత లోపలే జరిగేది. వారం పెట్టే ఇల్లు కులాన్ని చూసేది, చాలాచోట్ల శాఖను కూడా చూసేది. ఈ వ్యవస్థను కేవలం దానధర్మంగా కీర్తించే ధోరణి మన వ్యాసాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ దానం ఎవరి గడప దాకా వెళ్లి ఆగిపోయిందో కూడా చెబితేనే ఆ కీర్తనకు విలువ.

కొంచెం డబ్బు ఇవ్వగలవారికి పూటకూళ్ల ఇల్లు ఉండేది. దాన్ని నడిపినవారిలో వితంతువులు ఎక్కువ. పునర్వివాహం లేని, ఆస్తిహక్కు లేని స్త్రీకి అందుబాటులో ఉన్న కొద్ది జీవనోపాధుల్లో అది ఒకటి. గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మను నవ్వుకోవడానికి పెట్టిన పాత్రగా చదవడం అలవాటైంది. విజయనగరంలో గిరీశం ఆమె అన్నం తింటాడు, సరుకుల కోసం ఆమె ఇచ్చిన డబ్బును మధురవాణికి తగలేస్తాడు. పట్నంలో చదువుకున్న యువకుడి ఆధునికత ఒక వితంతువు పొయ్యి మీద ఆధారపడి ఉందన్న విషయం ఆ హాస్యం కింద స్పష్టంగానే ఉంది.

నాటకంలోని ఈ స్థితికి నిజజీవితపు సాక్ష్యం టంగుటూరి ప్రకాశం ఆత్మకథ 'నా జీవిత యాత్ర'. చిన్నతనంలోనే తండ్రి పోగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. తరువాత ప్రకాశం తన ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడి వెంట రాజమహేంద్రవరం వెళ్లి చదువు కొనసాగించాడు. ఆయన విషయంలో తల్లి పొయ్యి, గురువు ఆదరణ కలిసి నేటి హాస్టల్ చేసే పనిని చేశాయి.

అదే ఒంగోలులో, అదే దశాబ్దాల్లో, మరొక వంటిల్లు కూడా ఉంది. 1876–78 నాటి కరవు తరువాత అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో వేలమంది దళితులు క్రైస్తవం స్వీకరించారు. వారి పిల్లల కోసం మిషన్ బోర్డింగ్ పాఠశాలలు నడిపింది. వారాలు పెట్టే ఇల్లు గానీ, పూటకూళ్లమ్మ అరుగు గానీ ఆ పిల్లలకు ఎన్నడూ తెరుచుకునేవి కావు. కాబట్టి వారి విషయంలో 'మిషన్ బోర్డింగును ఎంచుకున్నారు' అనడం సరైన వాక్యం కాదు. మతం మార్పిడిని గురించిన చర్చల్లో అన్నం ఆశను ఒక నిందగా వాడటం పరిపాటి. ఆ అన్నంతోపాటు పలక, పడుకోవడానికి చోటు కూడా దొరికిన సంగతిని, అవి మరెక్కడా దొరకని సంగతిని ఆ నింద దాచిపెడుతుంది.

3. కులానికొక హాస్టల్

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో బ్రాహ్మణేతర కులాల నుంచి ఆంగ్ల విద్యకు వచ్చేవారి సంఖ్య పెరిగింది. వారికి వారాలు లేవు. పట్నంలో బంధువుల ఇల్లు ఉంటే సరి, లేకపోతే చదువు ఆగిపోవలసిందే. ఈ సమస్యకు కొల్హాపూర్‌లో షాహూ మహరాజ్ ఒక మార్గం చూపాడు. 1901లో మరాఠా విద్యార్థుల కోసం విక్టోరియా మరాఠా బోర్డింగ్ ఆరంభమైంది. తరువాతి సంవత్సరాల్లో జైనులకు, లింగాయతులకు, ముస్లిములకు, ఇతర వర్గాలకు వేర్వేరు బోర్డింగులు వచ్చాయి. అందరికీ ఒకే వంటిల్లు సాధ్యం కాని కాలంలో ఎవరి వంటిల్లు వారికి ఇచ్చి, అందరినీ ఒకే బడికి పంపాలన్నది అందులోని ఆలోచన.

హైదరాబాదులో ఆ ఆలోచనకు దగ్గరగా వచ్చినది రెడ్డి హాస్టల్. రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో అది ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినదీ ఆ సంవత్సరమే. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన రైతుబిడ్డకు ఉర్దూ మాట్లాడే నగరంలో తెలుగు వినిపించే చోటు అది. సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ బాధ్యతలు చూశారు. ఆయనే 1926లో 'గోలకొండ పత్రిక'ను ఆరంభించారు, 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించారు. తెలంగాణ సాహిత్య చరిత్రలో పత్రికకు ఇచ్చే ప్రాధాన్యంలో కొంత భాగం ఆ హాస్టల్ గ్రంథాలయానికీ దక్కాలని నా అభిప్రాయం. తరువాతి కాలంలో వైశ్య, మున్నూరుకాపు, గౌడ తదితర వర్గాల హాస్టళ్లు కూడా నగరంలో వెలిశాయి.

కుల హాస్టల్‌ను ఒక్క మాటలో ఖండించడం సులభం. కాని ఆనాటి మొదటితరం విద్యార్థి వైపు నుంచి చూస్తే ప్రత్యామ్నాయం 'కులం లేని హాస్టల్' కాదు, ఊరికి తిరుగు బండి. చిక్కు మరోచోట ఉంది. హాస్టల్ కట్టాలంటే ఆ కులంలో జమీందారులు, ఉద్యోగులు, వర్తకులు ఉండాలి. ఏ కులానికి దాతలున్నారో ఆ కులానికే గది దొరికింది. దాతలు లేని కులాల వారికి ఈ నమూనాలో చోటు లేదు.

ఆ లోటును గుర్తించిన వారిలో కాకినాడలోని రఘుపతి వెంకటరత్నం నాయుడు ముఖ్యులు. 1904 నుంచి 1919 వరకు పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆయన, పిఠాపురం మహారాజా తోడ్పాటుతో అనాథ శరణాలయాన్నీ, దళిత విద్యార్థులకు వసతినీ ఏర్పరిచారు. ఇక్కడ దాత కులమూ విద్యార్థి కులమూ ఒకటి కావు. కొల్హాపూర్, హైదరాబాదు నమూనాలకు కాకినాడ నమూనాకు ఉన్న తేడా ఇదే. మన చరిత్రకారులు దీన్ని సంఘసంస్కరణ అధ్యాయంలో చేర్చి విద్యాచరిత్రలో వదిలేశారు.

4. హాస్టల్ లేదు కాబట్టి సీటు లేదు

ఇంతవరకు చెప్పినదంతా మగపిల్లల కథ. తెలుగువారి సొంత విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఫలించి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు చేరింది. అక్కడ అమ్మాయిలకు వసతి లేదు.

దుర్గాబాయి 1909లో రాజమహేంద్రవరంలో పుట్టింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, విడుదలైన తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయం ద్వారా మెట్రిక్యులేషన్, ఇంటర్మీడియట్ పూర్తిచేసింది. రాజనీతిశాస్త్రం చదవాలన్నది ఆమె పట్టుదల. అది స్త్రీలకు తగిన విషయం కాదన్న మాట కాశీలో ఎదురైంది. దాంతో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చింది. స్త్రీలకు హాస్టల్ లేనందువల్ల చేర్చుకోవడానికి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి వెనుకాడారు. 'ముసలమ్మ మరణం' రాసిన కవి ఆయన. ఊరి కోసం ప్రాణమిచ్చిన స్త్రీని కావ్యనాయికను చేసిన వాడికి ఒక స్త్రీ కోసం గది చూపించడం కష్టమైంది. ఇందులో ఆయన వ్యక్తిగత దోషంకన్నా ఆనాటి సంస్థ స్వభావమే ఎక్కువగా ఉందనుకోవాలి, అయినా ఆ విడ్డూరం విడ్డూరమే.

దుర్గాబాయి వాదించి ఊరుకోలేదు. హాస్టల్ లేనందువల్ల చదువు ఆగిన యువతులు తనను సంప్రదించాలని పత్రికలో ప్రకటన ఇచ్చింది. కొందరు స్పందించారు. వారితో కలిసి ఒక వసతి ఏర్పాటు చేసుకుని, ఇదిగో హాస్టల్ అని చూపించి ప్రవేశం సంపాదించింది. 1939లో ఆనర్సు పట్టా పొందింది. ఈ ఉదంతాన్ని సాధారణంగా ఆమె ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. ధైర్యం నిజమే. కాని ఇందులో చరిత్రకు పనికొచ్చే అంశం మరొకటి ఉంది. నిబంధనల్లో స్త్రీలకు ప్రవేశ నిషేధం లేకపోయినా వసతి లేకపోవడమే నిషేధంగా పనిచేసింది. తలుపు మూయకుండానే బయట ఉంచే పద్ధతి ఇది. దళిత విద్యార్థి విషయంలో వారాల ఇల్లు, పూటకూళ్ల ఇల్లు చేసినదీ ఇదే. రెండు సందర్భాల్లోనూ కళాశాల తాను ఎవరినీ కాదనలేదని చెప్పుకోగలిగింది.

5. దరఖాస్తులో ఒక గడి

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వమే దాత అయింది. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, వెనుకబడిన తరగతుల సంక్షేమ శాఖల హాస్టళ్లు వచ్చాయి. దాతలు లేని కులాల పిల్లలు పెద్దసంఖ్యలో కళాశాలకు చేరగలిగింది వీటివల్లనే. వసతులు ఎంత అధ్వానంగా ఉన్నా ఈ మాట మరువకూడదు. అయితే శాఖకొక హాస్టల్ అన్న ఏర్పాటులో పాత విభజన పూర్తిగా పోలేదు. ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చునే ముగ్గురు మూడు బోర్డులున్న మూడు భవనాలకు వెళ్లి తింటారు. మొదటి సంవత్సరం విద్యార్థి దరఖాస్తులో 'ఏ హాస్టల్' అన్న గడిని చాలాసార్లు అతడి కుల ధ్రువపత్రమే నింపుతుంది. డబ్బున్నవాడు ప్రైవేటు హాస్టల్‌కు వెళతాడు, అక్కడి గోడ మీద 'స్వచ్ఛమైన ఇంటి భోజనం' అన్న బోర్డు ఉంటుంది. ఆ 'ఇల్లు' ఎవరిదన్న ప్రశ్న ఎవరూ పైకి అడగరు.

ఈ చరిత్రను రాయడానికి ఆత్మకథలు మాత్రమే చాలవు. ఆత్మకథ రాసేదాకా ఎదిగినవారి మాటే వాటిలో ఉంటుంది, మధ్యలో బండెక్కి ఊరికి తిరిగిపోయినవారి మాట ఉండదు. పాత హాస్టళ్ల మెస్ లెక్కల పుస్తకాల్లో బియ్యం ధర, వంటవారి పేర్లు, వారి జీతాలు, నెల మధ్యలో పేరు కొట్టివేసిన విద్యార్థులు, వారు బాకీపడిన మొత్తాలు దొరికే అవకాశం ఉంది. కళాశాలల స్టోర్ గదుల్లో అవి ఇంకా మిగిలి ఉంటే, పాత కాగితాల కింద తూకానికి వెళ్లకముందే మనం వాటిని తెరిచి చదవాలి.