రంగం దారిలో కారు

మా మేనల్లుడు కిందటేడు కారు కొన్నాడు. కొన్నవాడు సింహాచలం తీసుకెళ్ళి పూజ చేయించి ఊరుకోవచ్చా? పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని ఏకంగా నేపాల్ వెళ్ళొచ్చాడు! వచ్చిన దగ్గర్నుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ అదే కథ. రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటాట్ట. బండి కాగితాలూ, లైసెన్సూ చూపించి, అక్కడ ఉండే రోజులకి రోజుకింతని సుంకం కట్టాట్ట. ఆ చీటీని భన్సార్ అంటారట. 1950లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం పుణ్యమా అని మనకి వీసా కూడా అక్కర్లేదు.

"ఈసారి రంగూన్ అత్తా! నువ్వూ రావాలి" అన్నాడు, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

రంగూన్ అనగానే నాకు మా వీధి చివర ఉండే రంగం మామ్మ గుర్తొచ్చింది. మా శ్రీకాకుళం వైపు పాతవాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. ఆవిడ అక్కడే పుట్టి, చిన్నతనంలో ఇక్కడికి వచ్చింది.

"ఎలా వచ్చావు మామ్మా?" అని అడిగేవాళ్ళం.

"నడిసొచ్చినామే గుంటా!"

మాకు ఒకటే నవ్వు. రంగం సముద్రానికి అవతల ఉందని భూగోళం పుస్తకంలో చదువుకున్న వాళ్ళం కదా, సముద్రం మీద ఎవరైనా నడుస్తారా? "ఓడలు నేవు మరి. కాళ్ళున్నాయి" అనేదావిడ, తను మాత్రం నవ్వకుండా. ఆ మాట నిజమని చరిత్ర పుస్తకాలు చదివాక గానీ నాకు తెలిసిరాలేదు.

ఒకప్పుడు రంగం మనకి పరాయి దేశం కాదండీ. 1886 నుంచి బర్మా మొత్తం బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కితే రంగమే. వీసా మాటే లేదు. మేస్త్రీ బయానా ఇచ్చేవాడు. అప్పులున్నవాళ్ళూ, వానలు లేక పంట పోయినవాళ్ళూ ఎక్కేసేవారు. అక్కడ రేవులో బస్తాలు మోసేవాళ్ళూ, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళూ చాలామంది మనవాళ్ళే. బర్మావాళ్ళు వాళ్ళని కోరంగీలనేవారు, మన కోరంగి రేవు పేరు మీదుగా. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే! వెళ్ళేది ఎక్కువగా మగవాళ్ళు. ఆడవాళ్ళు ఇక్కడ మనియార్డరు కోసం తపాలా బంట్రోతు దారి చూస్తూ పిల్లల్ని పెంచేవారు.

అంతమంది పరాయివాళ్ళు వచ్చి పడితే ఊరివాళ్ళకి కష్టంగానే ఉంటుంది. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్ళు పనిలోకి తిరిగి రాగానే బర్మావాళ్ళని పొమ్మన్నారు. దాంతో దొమ్మీలయ్యాయి. చచ్చిపోయిన వాళ్ళలో చాలామంది తెలుగు కూలీలు. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు. 1941లో అనుమతి పత్రం లేనిదే రాకూడదని ఒప్పందం రాసుకున్నారు. రోజూ తిరిగే దారి మీదే ఇలా సరిహద్దు గీత పడింది.

ఆ ఏడు డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరమే వాళ్ళ చేతికి పోయింది. అందరికీ ఓడల్లో చోటెక్కడిది? లక్షల మంది నడక మొదలుపెట్టారు. కొందరు అరకాను కొండలు దాటి చిట్టగాంగు వైపు, కొందరు మాండలే మీదుగా చింద్విన్ నది దాటి తమూ, ఇంఫాల్, దిమాపూర్ వైపు. కలరా, మలేరియా, ఆకలి, ఆపైన వానలు. వేలాదిమంది దారిలోనే పోయారు. తెల్లవాళ్ళకి ఒక దారీ, నల్లవాళ్ళకి ఒక దారీ పెట్టారని అప్పట్లోనే పెద్ద గొడవైంది.

కార్లున్నవాళ్ళు లేకపోలేదు. నడిచినంత దూరం నడిపి, దారి లేనిచోట వదిలేశారు. వాళ్ళదాకా ఎందుకు, బ్రిటిష్ సైన్యమే మే నెలలో చింద్విన్ ఒడ్డున తన ట్యాంకుల్ని తనే పాడుచేసి వచ్చింది. ఒక్కటంటే ఒక్క ట్యాంకు నది దాటింది. మా మామ్మకి బండీ లేదు, ట్యాంకూ లేదు. ఆవిడ సరిహద్దు దాటింది వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని. తమ్ముడు దాటలేదు. అక్కడికొచ్చేసరికి ఆవిడ కథ ఆపేసి, వత్తులు చేసుకోవడంలో పడేది.

యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో అక్కడ సైన్యం పాలన వచ్చి కొట్లూ వ్యాపారాలూ జాతీయం చేశాక, మళ్ళీ లక్షల మంది ఓడల్లో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు వాళ్ళదే.

ఇదంతా చెప్పి మా మేనల్లుడితో అన్నాను: "ఆ దారి ఇప్పుడు బాగానే ఉందిరా. మణిపూర్‌లో మోరే దాటితే తమూ. అక్కణ్ణుంచి కలేవా వైపు మన సరిహద్దు రోడ్ల సంస్థే రోడ్డు వేసింది, 2001లో దాన్ని తెరిచారు. 2018 ఆగస్టులో పాస్‌పోర్టూ వీసా ఉన్నవాళ్ళకి గేటు కూడా తెరిచారు. కారుకి మాత్రం వేరే అనుమతులు కావాలి. పైగా 1970 నుంచి వాళ్ళు బండ్లు కుడివైపు నడుపుతారు, నీ ఎడమచేతి అలవాటు అక్కడ చెల్లదు!"

"అయితే బయల్దేరదామా?" అన్నాడు వాడు ఉత్సాహంగా.

"ఎక్కడికి? కోవిడ్ వచ్చిన 2020లో ఆ గేటు మూశారు. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ గద్దెనెక్కింది. తర్వాత అక్కడ యుద్ధమే. ఇటు మణిపూర్‌లో 2023 మే నుంచి అల్లర్లు. అటు జనం మళ్ళీ మూటలు నెత్తినెట్టుకుని ఆ కొండలే దాటి ఇటు వచ్చారు."

వాడు కారు తాళం చేతిలో తిప్పడం మానేశాడు. కాసేపాగి, "మామ్మ తమ్ముడి పేరేమిటత్తా?" అని అడిగాడు.

ఎన్నిసార్లు కథ చెప్పించుకున్నామో! ఆ పేరు మాత్రం ఎవ్వరం అడగలేదు.

గేటు తెరిచిన నాడు వాడి కారులో నేనూ వెళతాను. తమూ రాగానే బండి ఆపమంటాను. ఓ అరమైలు నడిచి, అప్పుడెక్కుతాను.