వన్యప్రాణి సంరక్షణలో మనుషుల పక్షం: రామసముద్రం–కుప్పం ప్రాంతంలో పరిశోధనావకాశాలు

అడవులు, వన్యప్రాణులు, చెరువులు, ఉమ్మడి భూముల రక్షణలో మనుషుల జీవనోపాధిని, నష్టాలను, నమ్మకాలను, హక్కులను, ప్రభుత్వంతో వాళ్ల వ్యవహారాన్ని అధ్యయనం చేసే శాస్త్రాన్ని సంరక్షణ సామాజిక శాస్త్రం అంటారు. ఏనుగులు ఎన్ని ఉన్నాయి, ఏ దారిన తిరుగుతున్నాయి అన్నది జీవశాస్త్రం తేలుస్తుంది. ఏనుగు పొలంలో దిగిన రాత్రి ఆ ఇంట్లో ఎవరు మేలుకుంటారు, మర్నాడు నష్టపరిహారానికి ఎవరు దరఖాస్తు పెట్టగలుగుతారు, ఎవరు పెట్టలేరు అన్నవి ఈ శాస్త్రం వేసే ప్రశ్నలు. పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు ఇలాంటి ప్రశ్నలు దండిగా దొరికే చోటు మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పంల మీదుగా సాగే సరిహద్దు సీమ.

రామసముద్రం మండలం మదనపల్లె, పుంగనూరులకు చేరువలో, కర్ణాటకలోని కోలారు జిల్లాను ఆనుకుని ఉంది. ఇక్కడివి మెట్ట భూములు, బండరాళ్ల గుట్టలు, వర్షం మీద ఆధారపడే చెరువులు, లోతైన బోర్లు. టమాటా, పాడి, పట్టుపురుగుల పెంపకం ఈ ప్రాంతపు ప్రధాన ఆదరవులు. దక్షిణాన కుప్పం ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడులు కలిసే మూల. జంతువులకు ఈ సరిహద్దులు లేవు. నష్టపరిహారపు కాగితాలకు మాత్రం ఉన్నాయి.

ఏనుగులు తిరిగొచ్చిన సీమ

చిత్తూరు ప్రాంతంలో తరతరాలుగా ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడులోని హోసూరు అడవుల వైపు నుంచి, కర్ణాటక నుంచి మందలు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చి నిలదొక్కుకున్నాయి. వాటి కోసమే 1990లో సుమారు 358 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పాలార్ ఉపనదులైన కౌండిన్య, కైగల్ దీని గుండా పారతాయి. ఈ వలస చరిత్రను బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన రంజిత్ మనకాడన్, ఆయన సహచరులు 2010లో ఆసియా ఏనుగుల పత్రిక 'గజ'లో ప్రచురించారు.

ఈ చరిత్రలో పరిశోధకులకు అపురూపమైన అవకాశం ఒకటుంది. నీలగిరి, కొడగు ప్రాంతాల రైతులు తాతల కాలం నుంచి ఏనుగులను ఎరుగుదురు. కుప్పం, వి.కోట, రామకుప్పం, బైరెడ్డిపల్లె రైతులకు అలాంటి వారసత్వ జ్ఞానం లేదు. ఏనుగుతో పక్కపక్కనే బతకడం ఎలాగో వీళ్లు ఒక్క జీవితకాలంలో, సొంతంగా నేర్చుకోవలసి వచ్చింది. ఏ పంట మానుకున్నారు, మంచె ఎక్కడ కట్టారు, టపాకాయలకు ఏనుగులు బెదరడం ఎప్పుడు మానేశాయి, వినాయకుడిగా కొలిచే ప్రాణి మీద కోపం ఎలా పుట్టింది, భక్తి ఎంత మిగిలింది? మొదటి మందను చూసిన నాటి పాతికేళ్ల యువకులకు ఇప్పుడు అరవై ఐదు దాటాయి. ఆ మౌఖిక చరిత్రను రికార్డు చేసే పని ఇంకో పదేళ్లు ఆగితే చెప్పేవాళ్లే ఉండరు. ఈ ప్రాంతంలో ఒక్క సిద్ధాంత గ్రంథానికే అవకాశముందంటే, అది ఈ అంశం మీదే రావాలి.

నష్టం లెక్క కూడా సరళంగా ఉండదు. టమాటా తోటలో ఏనుగు ఒక్క కాయ తినకపోయినా, అది నడిచిన దారిలో ఊతకర్రలు విరుగుతాయి, డ్రిప్ పైపులు నలుగుతాయి, సాళ్లు చెదిరిపోతాయి. పంట నష్టం ఎకరాల్లో రాస్తారు. పైపుల ఖర్చు, కాపలా రాత్రుల నిద్రలేమి, మర్నాటి కూలి పోవడం ఏ కాలమ్‌లోకి వస్తాయి? కౌలుకు చేసే రైతుకు పరిహారం చేరుతుందా, పట్టాదారుకా? ప్రభుత్వం పేదలకు పంచిన డీకేటీ భూముల్లో పరిస్థితి ఏమిటి? ఇలా కంటికి కనిపించని నష్టాల గురించి మాన్ బరువా, శోనిల్ భగవత్, సుశ్రుత్ జాధవ్ 2013లో రాసిన వ్యాసం ఈ రంగంలో తప్పక చదవవలసినది. మగవాళ్లు పొలంలో కాపలా ఉన్న రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉండే ఆడవాళ్ల భయాన్ని ప్రశ్నావళిలో చేర్చాలన్న స్పృహ అలాంటి అధ్యయనాల వల్లే వచ్చింది.

2023 జూన్‌లో పలమనేరు దగ్గర జాతీయ రహదారిపై వాహనం ఢీకొని మూడు ఏనుగులు చనిపోయాయి. అడవి ఏనుగులను తరిమేందుకు శిక్షణ పొందిన కుమ్కీ ఏనుగుల కోసం 2024 సెప్టెంబరులో ఆంధ్ర, కర్ణాటక ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. 2025 మేలో కర్ణాటక వాటిని అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటైంది. కుమ్కీలు వచ్చాక రైతుల ధీమా పెరిగిందా, అటవీ శాఖ మీద నమ్మకం మారిందా అన్నది వెంటనే మొదలుపెట్టదగ్గ పరిశోధన.

ఇతర చోట్ల జరిగిన పనులు

రామన్ సుకుమార్ 1980లలో కర్ణాటక–తమిళనాడు సరిహద్దు అడవుల్లో చేసిన అధ్యయనంలో, ఎదిగిన మగ ఏనుగు ఏడాదిలో సగటున 49 రాత్రులు పంటల మీద పడితే, ఆడ ఏనుగుల మందలు 8 రాత్రులు పడ్డాయని తేలింది. జీవశాస్త్రం ఇక్కడిదాకా తీసుకొచ్చింది. అక్కణ్ణుంచి మనుషుల వైపు దారి వేసినవాళ్లలో వాల్పారైలో పనిచేసిన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రవేత్త ఆనంద కుమార్ ముఖ్యులు. ఏనుగు దగ్గర్లోనే ఉందని తెలియక ఎదురుపడటమే అక్కడి మరణాలకు పెద్ద కారణమని గుర్తించి, సెల్‌ఫోన్ సందేశాలు, ఎర్ర దీపాల హెచ్చరికల వ్యవస్థ నెలకొల్పారు. 2015లో ఆయనకు విట్లీ అవార్డు వచ్చింది. అదే ఏడాది బండీపూర్, నాగరహొళె చుట్టుపక్కల మొదలైన వైల్డ్ సేవె, ఫోన్ చేస్తే చాలు, పరిహారపు దరఖాస్తు నింపడంలో రైతులకు సాయపడుతుంది.

తెలుగు నేలలో పాత ఉదాహరణ కలివికోడి. అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. శాస్త్రవేత్త భరత్ భూషణ్ బృందానికి దాన్ని పట్టిచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. పల్లెజనం జ్ఞానాన్ని విజ్ఞానంగా లెక్కగట్టాలనే వాదానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఉమ్మడి భూములు, నీళ్లు

ఏనుగుల మాట అందరూ ఎత్తుతారు. గుట్టలు, మేత పోరంబోకులు, చెరువుల సంగతి తక్కువగా వినిపిస్తుంది. కానీ రామసముద్రం వైపు బతుకు వీటి మీదే నడుస్తుంది. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ మదనపల్లె చుట్టుపక్కల ఉమ్మడి భూముల సంరక్షణపై పనిచేస్తోంది. ఆ సంస్థతో కలిసి అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధనా సంస్థకు చెందిన రూత్ మైన్‌జెన్-డిక్, అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్కో యాన్సెన్ ఆంధ్రప్రదేశ్‌లోని రాతినేల పల్లెల్లో భూగర్భజలాల ఆట ఆడించారు. ఆ ఆటలో రైతులు తక్కువ నీరు తాగే పంటనో ఎక్కువ నీరు తాగే పంటనో ఎంచుకుంటారు. ఎంపికలన్నీ కలిపి నీటిమట్టం ఎంత దిగిందో ప్రతి విడతలో లెక్కిస్తారు. ఆట ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టర్లు, వాడకంపై కట్టుబాట్లు ఎక్కువగా కనిపించాయని 2018లో ప్రచురించారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో బోడికొండలు పచ్చబడిన తీరు, అక్కడి పక్షుల అధ్యయన కేంద్రం కూడా పరిశోధించదగినవే.

ఎక్కడ చదవాలి, ఏం తెలిసుండాలి

కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, జీవావరణ పరిశోధన సాగే ఐసర్ దగ్గర్లోనే ఉన్నాయి. బెంగళూరులో అశోకా ట్రస్ట్, అంటే ఏట్రీ, సంరక్షణ శాస్త్రంలో పీహెచ్‌డీ నడుపుతోంది. జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో వన్యప్రాణి ఎమ్మెస్సీ ఉంది. దేశంలో పేరున్న మరో చోటు డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, తర్వాతి దశలో 42,000 రూపాయలు అందుతాయి.

అభయారణ్యంలో శాస్త్ర పరిశోధన చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి పొందాలి. పల్లెల్లో ఇంటర్వ్యూలకు విద్యాసంస్థ నైతిక సంఘం ఆమోదం అవసరం. పొలం చుట్టూ అక్రమ కరెంటు తీగ పెట్టానని ఒక రైతు నమ్మి చెబితే, అతని పేరు, ఊరు గ్రంథంలోకి రాకూడదు. తెలుగు, కన్నడ, తమిళాలు మాట్లాడుకునే ఇళ్లలో పెరిగిన ఇక్కడి విద్యార్థికి దుబాసీ అక్కర్లేదు, రచ్చబండ దగ్గర అడిగిన ప్రశ్నకు జవాబు సూటిగా అందుతుంది. గ్రంథం ఇంగ్లీషులో సమర్పించినా, అందులో తేలిన విషయాలను తెలుగులో అచ్చువేసి, సమాచారమిచ్చిన ఊళ్లకు, పంచాయతీలకు, అటవీ రేంజి కార్యాలయానికి అందజేయడాన్ని పరిశోధన ప్రణాళికలోనే, ఖర్చుతో సహా రాసుకోవాలి.