భూగర్భ తాపానికి చేయూత ఏదీ?
నగరం కింద చల్లని శిల.. మణుగూరులో ఉబికే వేడినీరు

సికింద్రాబాద్: భూమి లోపలికి వెళ్లే కొద్దీ వేడి పెరుగుతుంది. ఆ వేడిని బావుల ద్వారా పైకి తెచ్చి విద్యుదుత్పత్తికి గానీ, నేరుగా వేడిగా గానీ వినియోగించడమే భూతాప శక్తి. సౌర, పవన విద్యుత్తుల వలె ఇది ఎండకు, గాలికి లోబడదు. రేయింబవళ్లు అందుతుంది. అయితే ఆ వేడి అన్నిచోట్లా ఒకే లోతులో దొరకదు. తెలంగాణలోనే ఇందుకు రెండు భిన్నమైన ఉదాహరణలు ఉన్నాయి.

నగరం కింద ఏముంది?
జంట నగరాలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలపై నిలిచాయి. ఇటువంటి ప్రాచీన శిలాఫలకాల్లో భూమి లోపలి నుంచి పైకి వచ్చే ఉష్ణం తక్కువ. ప్రపంచంలో చాలా ప్రాంతాల్లో ఒక కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీల మేర ఉష్ణోగ్రత పెరుగుతుండగా, ఇక్కడి గ్రానైటులో ఆ పెరుగుదల 15 డిగ్రీలకు అటూఇటూగా మాత్రమే ఉంటుంది. వెయ్యి అడుగుల బోరు వేసినా నీరు నాలుగైదు డిగ్రీలకు మించి వేడెక్కకపోవడానికి కారణం ఇదే. విద్యుదుత్పత్తికి అనువైన 150 డిగ్రీల వేడి కావాలంటే ఎనిమిది కిలోమీటర్ల లోతుకు తవ్వవలసి ఉంటుంది. ఫిన్లాండ్‌లోని ఎస్పో నగరంలోనూ ఇదే విధమైన గట్టి శిలలో ఆరు కిలోమీటర్లకు పైగా తవ్వారు. శిలలో నీటి ప్రవాహం చాలినంత లేక ఆ ప్రయత్నం వాణిజ్యపరంగా ఫలించలేదు.

తార్నాక దాటగానే హబ్సిగూడలో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్జీఆర్ఐ) 1961లో ఏర్పడింది. దేశంలో భూమి నుంచి వెలువడే ఉష్ణంపై విస్తృత పరిశోధనలు ఈ సంస్థ చేపట్టింది. లడఖ్‌లోని పూగా లోయలో భూతాప నిల్వల పరిశీలనలోనూ పాలుపంచుకుంది.

గోదావరి లోయ తీరు వేరు
సికింద్రాబాద్‌లో రాత్రి మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి చేరుకునే ప్రాంతంలో పరిస్థితి ఇందుకు భిన్నం. గోదావరి లోయ భూమి పగుళ్ల మధ్య కుంగి, అవక్షేప శిలలతో నిండిన ప్రాంతం. బొగ్గు నిక్షేపాలు ఆ పొరల్లోనివే. లోతుకు ఇంకిన నీరు అక్కడ వేడెక్కి, పగుళ్ల వెంట తిరిగి పైకి వస్తుంది. భద్రాచలం సమీపంలోని గుండాల వద్ద గోదావరి ఒడ్డున ఇసుకలో చెలమ తీస్తే వేడినీరు ఊరడం భక్తులకు తెలిసినదే.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం పగిడేరులో బొగ్గు అన్వేషణ కోసం వేసిన బోర్ల నుంచి మోటారు అవసరం లేకుండానే వేడినీరు ఉబికి వచ్చింది. దీని ఆధారంగా సింగరేణి కాలరీస్ అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పింది. కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ పరిశోధన నిధులు ఇందుకు తోడ్పడ్డాయి.

ఎలా పనిచేస్తుంది?
ఇక్కడి నీరు మరిగే స్థాయికి చేరదు కనుక ఆ ఆవిరితో టర్బైనును తిప్పడం సాధ్యం కాదు. అందువల్ల తక్కువ వేడికే ఆవిరయ్యే మరో ద్రవాన్ని ఈ నీటితో వేడిచేస్తారు. ఆ ద్రవపు ఆవిరి టర్బైనును తిప్పి, చల్లబడి, మళ్లీ ద్రవంగా మారి అదే గొట్టాల్లో తిరుగుతుంది. రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 20 కిలోవాట్ల యంత్రం 480 యూనిట్లు ఇస్తుంది. అయితే వంద డిగ్రీల లోపు నీటిలోని వేడిలో పదో వంతు కూడా విద్యుత్తుగా మారదు. మిగిలినదంతా వేడిగానే బయటికి పోతుంది.

వేడికి లేని రాయితీ
ఆ మిగిలిన వేడికే ఇక్కడ గిరాకీ ఉంది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మిరప రైతులు పంటను కల్లాల్లో ఆరబోసి, అకాల వర్షం పడితే నష్టపోతున్నారు. మిర్చి, పసుపు, ధాన్యం ఆరబెట్టేందుకు ఈ స్థాయి వేడి సరిపోతుంది. కానీ ప్రభుత్వ ప్రోత్సాహం ప్రధానంగా విద్యుత్తు చుట్టూనే తిరుగుతోంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం ఇంటిపై సౌర ఫలకాలకు రూ.78 వేల వరకు ఇస్తుండగా, సౌర నీటి హీటర్లకు కేంద్రం ఇచ్చిన రాయితీ 2014లోనే నిలిచిపోయింది.

విదేశాల్లో వేడిని ప్రత్యేక వనరుగా గుర్తించారు. ఫ్రాన్స్ 1980ల ఆరంభం నుంచే భూతాప బావి విఫలమైతే నష్టాన్ని భరించే హామీ నిధిని నడిపింది. 2009లో పునరుత్పాదక వేడికి ప్రత్యేక నిధి ఏర్పరచింది. బ్రిటన్ 2011 నుంచి ఉత్పత్తయిన వేడికి యూనిట్ల లెక్కన సొమ్ము చెల్లించే పథకాన్ని అమలుచేసి, 2022 నాటికి కొత్త దరఖాస్తులను ముగించింది. ఐస్‌లాండ్‌లో పదింట తొమ్మిది ఇళ్లకు భూతాపమే వెచ్చదనాన్ని ఇస్తోంది.

జాతీయ విధానం
భారత భూవైజ్ఞానిక సర్వే దేశంలో 381 ఉష్ణ ప్రాంతాలను నమోదు చేసింది. మొత్తం సామర్థ్యం సుమారు 10,600 మెగావాట్లని అంచనా. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2025 సెప్టెంబరులో జాతీయ భూతాప విధానాన్ని ప్రకటించింది. విద్యుత్తుతో పాటు హరితగృహాలు, శీతల గిడ్డంగులు, భూమి ఆధారిత హీట్ పంపులకు సైతం అందులో చోటు దక్కింది.

జాగ్రత్తలు
లోతైన శిలలోకి అధిక పీడనంతో నీటిని పంపితే భూప్రకంపనలు కలగవచ్చు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006లో ప్రకంపనల వల్ల పనులు ఆగిపోయాయి. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017లో 5.4 తీవ్రతతో భూకంపం సంభవించింది. సహజంగా ఉబికే నీటిని వాడే పగిడేరులో ఆ ప్రమాదం లేకపోయినా, వాడిన నీటిలోని లవణాలు పొలాల్లో, వాగుల్లో చేరకుండా చూడాలి. మణుగూరు ఏజెన్సీ ప్రాంతం కనుక విస్తరణకు ముందు గ్రామసభల అభిప్రాయం కీలకం.

భూతాప ప్రాజెక్టులో అతి పెద్ద వ్యయం, అతి పెద్ద అనిశ్చితి బావి తవ్వకమే. తవ్వే వరకు వేడినీరు పడుతుందో లేదో తేలదు. పగిడేరులో ఆ వ్యయాన్ని బొగ్గు అన్వేషణే భరించింది. గోదావరి లోయలోని పాత అన్వేషణ బోర్ల ఉష్ణోగ్రతలను, నీటి రాబడిని లెక్కించి, అనువైన చోట ఆరబెట్టే కేంద్రాలకు సాయం అందిస్తే కొత్త విధానం ఫలితం రైతుల కల్లాల వరకు చేరుతుంది.