బేలర్ విశ్వవిద్యాలయములో ‘హోమ్‌కమింగ్’

టెక్సాస్‌లోని వేకో పట్టణమందున్న బాప్టిస్టుల బేలర్ విశ్వవిద్యాలయం 1909 నవంబరులో పూర్వ విద్యార్థులను కార్డులు వ్రాసి పిలిపించింది. ఊరేగింపు, సంగీతం జరిగాయి, ఫుట్‌బాల్‌లో టి.సి.యు.ను 6-3తో ఓడించారు. ఈ ఆచారం మాతోనే మొదలని ఇల్లినాయ్ (1910), మిస్సోరి (1911) విశ్వవిద్యాలయాల వారూ అంటారు. ఆ వాదం మాకంత ముఖ్యముగా తోచదు.

1927 జనవరి 22న రౌండ్ రాక్ వద్ద బాస్కెట్‌బాల్ జట్టు వెళ్తున్న బస్సును రైలు ఢీకొని పదిమంది మరణించారు. ఏటా హోమ్‌కమింగ్ వేళ కొత్త విద్యార్థులను సమకూర్చి వారి కథ చెబుతారు.

ఇంత జ్ఞాపకశక్తి గల ఆ ఇంటిలో, 1963లో ధర్మకర్తలు తీర్మానించేవరకు, నల్లజాతి విద్యార్థులకు ప్రవేశమే లేదు. ఈ సంగతి ఉత్సవ వర్ణనలలో మరుగుపడరాదని మా అభిప్రాయం. రాబర్ట్ గిల్బర్ట్, బార్బరా వాకర్ 1967లో పట్టభద్రులైన తరువాతనే ఆ పిలుపు అందుకొనదగిన నల్లజాతి పట్టభద్రులు ఉన్నారు.