ఇటుక పేర్పులో విజ్ఞానము

ఇటుకతో గోడ కట్టుట మానవుడు వేల సంవత్సరములుగా ఎరిగిన పని. మొహెంజొదారో నగరమును కాల్చిన ఇటుకలతోనే నిర్మించిరి. అయినను ఇటుక పేర్చునపుడు తాపీమేస్త్రీ శరీరము ఎన్నిమారులు వృథాగా కదలుచున్నదో లెక్కించి, పని విధానమునే మార్చిన ఘనత ఫ్రాంక్ గిల్‌బ్రెత్ (1868–1924) అను అమెరికా దేశీయునిది.

ఇతడు 1885లో, 17వ ఏట, బోస్టన్ నగరమున తాపీపని నేర్వ చేరెను. అచట ఏ ఇద్దరు మేస్త్రీలును ఒకే తీరున పనిచేయుట లేదు. ఒకే మేస్త్రీ తొందరలో ఒక విధముగను, నిదానముగా నున్నపుడు మరొక విధముగను, శిష్యునికి నేర్పునపుడు వేరొక విధముగను చేతులు కదల్చుచుండెను. వీనిలో సరియైన దేది?

గిల్‌బ్రెత్ ఒక్కొక్క కదలికను విడదీసి చూచెను. ఇటుకలు సారువపై కాళ్లవద్ద ఉండెడివి. ప్రతి ఇటుకకును మేస్త్రీ వంగి లేవవలెను. మనమొక చిన్న లెక్క వేయుదము. ఇటుక బరువు 5 పౌనులు, మనిషి బరువు 150 పౌనులు అనుకొనుడు. వంగి లేచునపుడు శరీరములో సగమే పైకి లేచుననుకొన్నను అది 75 పౌనులు, అనగా ఇటుకకు 15 రెట్లు! దినమునకు వేయి ఇటుకలు పేర్చినచో ఈ శ్రమ వేయిమారులు.

అందుచే అతడు గోడతోపాటు ఎత్తు పెంచదగిన సారువను కల్పించి, ఇటుకలను, సున్నమును నడుము ఎత్తున ఉంచెను. ఇటుకలలో మంచి ముఖము నేరి, చెక్క చట్టములలో వరుసగా అమర్చు పనిని సహాయకుల కప్పగించెను. సున్నము పాకము సరిగా నుండుటచే ఇటుకను చేతితో నొక్కిన చాలును. తాపీతో తట్ట నక్కరలేదు. ఇట్లు 18 కదలికలు 5కు తగ్గెను. గంటకు 120 ఇటుకలు పేర్చుచోట 350 పేర్చగలిగిరని ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రకటించెను.

అయితే పని పెరిగిన ఫలము ఎవరిది? కార్మికుల కీ సందేహము కలుగుట సహజము. 1911లోనే వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారమున, గడియారముతో తమ పనిని కొలుచుటను నిరసించి పోతపనివారు సమ్మె చేసిరి. గిల్‌బ్రెత్, అతని భార్య లిలియన్ (1878–1972) 1916లో శ్రామికుల అలసట పైననే ఒక గ్రంథము వెలువరించిరి. అలసట తగ్గింపని పద్ధతి మంచి పద్ధతి కాదని మనము గ్రహింపవలెను.

విద్యార్థులారా! మీ ఊర గోడ కట్టుచోట కొంచెము దూరముగా నిలిచి, మేస్త్రీ ఒక్క ఇటుకకు ఎన్నిమారులు వంగుచున్నాడో లెక్కింపుడు. ఇటుకల చోటు మార్చినచో ఎన్ని తగ్గునో ఆలోచింపుడు. నడుము నొప్పి తగ్గించుటయు విజ్ఞానము చేయవలసిన పనియే.